ఎండలో నిమ్మరసం

ఓడ నుంచి,
ఏప్రిల్ 6

అక్కా,

ఓడెక్కాను. ఎక్కిన పూటే నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా తొడుక్కుని బారు కౌంటరు వెనక నిలబడ్డాను. సెలవు అయిపోయిందని నా కాళ్ళకి తెలిసిపోయింది గానీ, మనసు మాత్రం ఇంకా మీ మేడ మీదే ఉంది. మీ నీళ్ళ ట్యాంకు నీడలో చాపేసుకుని పడుకున్నంత సుఖం ఈ ఓడలో డబ్బు గుమ్మరించి ప్రయాణం చేసేవాళ్ళకి కూడా దొరకదు.

నువ్వు కుట్టిచ్చిన చొక్కాలు రెండూ బాగున్నాయి. చేతులు మాత్రం కాస్త పొడుగు. నేనింకా పెరుగుతాననుకుంటున్నావా ఏంటి?

ఆదివారం మీ మేడ మీద కలిపిన మార్గరీటా డ్రింకు ఎలా చెయ్యాలో రాసి పంపమని బావ అడిగాడు కదా. ఇన్నేళ్ళుగా నన్ను "సోడాలు కొట్టేవాడు" అంటూ ఏడిపించిన మనిషి. ఒక్క గ్లాసు తాగి, కాసేపు ఆగి, "ఒరే, ఇది నిజంగా పనేరా" అన్నాడు చూడు, ఆ మాట కోసమే ఆ టెకీలా సీసాని బట్టల మధ్య చుట్టి అంత దూరం మోసుకొచ్చాను. చేతికొచ్చిన విద్యని సొంతవాళ్ళ ముందు చూపించుకోవాలని ఎవరికుండదు చెప్పు.

బావకి చదివి వినిపించు. టెకీలా రెండు వంతులు, నారింజ వాసనేసే ఆ తియ్యటి లిక్కరు ఒక వంతు, నిమ్మరసం ఒక వంతు. రసం అప్పటికప్పుడు పిండిందే అయ్యుండాలి. పిండే మిషను ముట్టుకోవద్దు, అది గింజల్ని కూడా చితక్కొట్టి చేదు చేస్తుంది. చేత్తోనే పిండాలి. పిండాక తొక్కని కూడా వేళ్ళతో గట్టిగా నలపాలి, దాని నూనె రసంలోకి దిగితేనే ఆ వాసన. గ్లాసు అంచుకి నిమ్మచెక్క రాసి ఉప్పు పళ్ళెంలో బోర్లించాలి. ఐసు గుడ్డలో మూటగట్టి చితక్కొట్టాలి. బావ లిఫ్టులు బాగుచేసే సుత్తి దానికి బ్రహ్మాండంగా పనికొచ్చింది. అన్నీ కలిపి, మూత గట్టిగా బిగిసే దాంట్లో పోసి, చేతులు కొంకర్లు పోయేదాకా ఊపాలి. మీ ఇంట్లో అలాంటి మూత నా మేనకోడలు పిచ్చుక బడి నీళ్ళ సీసాకి తప్ప దేనికీ లేదు. దాన్ని తీసినప్పుడు నువ్వు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. కడిగేశాను కదా తల్లీ.

నిమ్మకాయలన్నీ నీ చేత పిండించానని తిట్టుకోకు. పొద్దస్తమానం కత్తెర పట్టుకునే వేళ్ళ బలం నాకూ బావకీ ఎక్కణ్ణించి వస్తుంది? నడివేలికి సూది గుచ్చుకుంది, రసం మండుతోంది అంటే ప్లాస్టరు కూడా వేశాను. అయినా నీకు ఒక చోట కుదురేదీ? పిండుతూ పిండుతూ లేచెళ్ళి పిచ్చుకని నీళ్ళ తొట్టిలోంచి తీసి ఎండలో కూర్చోబెట్టడం, మళ్ళీ వచ్చి పిండటం, కింద మిషను మీద సగంలో వదిలేసిన యూనిఫారాల గురించి గొణగడం. చివరికి ఒక్క గుటక తాగి, "దగ్గుమందులో ఉప్పేశారు" అని కిందికి వెళ్ళిపోయావు. నా జన్మలో ఏ కస్టమరూ నన్ను ఇంత మాట అనలేదు.

మేనకోడలికి ముద్దులు. ఉప్పు పళ్ళెం తన్నేసిందని బావ కళ్ళెర్రజేస్తే ఆ నాలుగేళ్ళ మూతి ఎలా ముడుచుకుపోయిందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది.

ఉత్తరాలు మామూలుగానే రేవు ఏజెంటు చిరునామాకి రాయి. ఆలస్యంగానైనా చేరతాయి.

నీ గెడకర్ర తమ్ముడు


ఇంటి నుంచి,
ఏప్రిల్ 20

ఒరేయ్ గెడా,

నీ ఉత్తరం అందింది. చేతులు పొడుగైతే మడుచుకో. కొలత తీస్తుంటే కుదురుగా నిలబడకుండా పిచ్చుకతో కోతివేషాలు వేసినవాడికి అంతకంటే సరిగ్గా ఎవరూ కుట్టలేరు. బడి తెరిచేలోపు ఇవ్వాల్సిన యూనిఫారాలు గుట్టగా పడున్నాయి. కాజాలు కుట్టే మిషను మళ్ళీ మొరాయించింది.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, రాయాల్సింది రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇప్పటికే ఒక కాగితం చించేశాను.

నువ్వు వెళ్ళిన మర్నాడు పిచ్చుకకి నీళ్ళు పోస్తుంటే వీపు మీద ఎర్రటి చారలు కనబడ్డాయి. చెమటకాయలేమోనని పౌడరు రాశాను. తర్వాత నీటి బొబ్బలు లేచాయి. అవి ఎండి గోధుమరంగుకి తిరిగాక అప్పుడు అర్థమైంది నాకు. అవి చారలు కావురా, వేళ్ళు. కుడిపక్క రెక్క ఎముక మీద పెద్దవాళ్ళ చెయ్యి అచ్చు దిగినట్టు దిగింది. నడివేలు మాత్రం సగంలో ఆగిపోయింది, మిగతావి పూర్తిగా ఉన్నాయి. టేపు పెట్టి కొలిచాను కూడా. కొలిచి ఏం చేద్దామనుకున్నానో నాకే తెలియదు, నాకు చేతనైంది అదొక్కటే.

మన వీధి చివర క్లినిక్కుకి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ పిల్ల వీపు చూసింది, తర్వాత నా ముఖం చూసింది. "ఇంట్లో ఎవరికైనా కోపం ఎక్కువా?" అని నర్సు ముందే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయింట్మెంటు రాయించుకుని వచ్చేశాను, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

అది చాలదన్నట్టు బడి నుంచి కబురు. నువ్వు కడిగానన్న నీళ్ళ సీసా మూతలో ఒక రబ్బరు ఉంటుంది, అది వాసన పట్టేసింది. పిల్ల నీళ్ళు తాగుతుంటే టీచరుకి మందు వాసన కొట్టిందట. అనుమానమొచ్చి చొక్కా పైకెత్తి చూస్తే వీపు మీద గుర్తులు. ఇంక ఆవిడ ఏమనుకుంటుందో నేను చెప్పక్కర్లేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, చాలా మర్యాదగా మాట్లాడింది. ఆ మర్యాదకే చచ్చిపోయాను.

ఇంటికొచ్చి పిచ్చుకని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎవరు కొట్టారమ్మా అని అడిగాను. నా గాజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. మావయ్యా అంటే తల అడ్డంగా ఊపింది. నాన్నా అంటే, ఊఁ అంది. ఎందుకు అంటే, ఉప్పు పారబోశాను కదా అంది.

ఆయన పిల్ల మీద చెయ్యెత్తగా నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆయన రెండో గ్లాసు తాగగా కూడా ఎప్పుడూ చూడలేదు, ఆ రోజు తాగారు. నేను కిందికెళ్ళి మిషను తొక్కుతూ కూర్చున్నాను, ఆ చప్పుడులో పైన పిల్ల ఏడ్చినా వినపడదు. ఆయన్ని ఇంకా అడగలేదు. అడిగితే ఏ మాట వినాల్సొస్తుందోనని మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. మొన్న చేతి మీద, బొటనవేలి మొదట్లో ఇస్త్రీపెట్టె తగిలినట్టుంది, మచ్చ పడింది. ఎప్పుడు తగిలిందో కూడా తెలియలేదు. నా బుర్ర అలా ఉంది.

నువ్వు పైనే ఉన్నావు. ఏం జరిగిందో నాకు చెప్పు, దాచకు. నీ ఉత్తరంలో కళ్ళెర్రజేశాడు అని నవ్వుతూ రాశావు. అది నవ్వేంత చిన్నదేనా?

పక్కింటికి ఫోను మాత్రం చెయ్యకు. ఆవిడ ఫోను అందించి అక్కడే నిలబడుతుంది.

అక్క


ఓడ నుంచి,
మే 4

అక్కా,

ఉత్తరం నిన్న అందింది. స్టోరు గదిలో ఖాళీ సీసాల పెట్టె మీద కూర్చుని చదివాను. తర్వాత మొదటి నుంచి ఇంకోసారి చదివాను.

నువ్వు అడిగావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. బావ రెండో గ్లాసులో నేను చెప్పిన కొలత ప్రకారం పొయ్యలేదు. టెకీలా రెట్టింపు పోశాను. సరదాకి. మన బావ ఎంతవరకు తట్టుకుంటాడో చూద్దామని. పుల్లగా ఉంటుంది కాబట్టి తాగేవాడికి తెలియదు. అదే ఆ డ్రింకు గొప్పా, ప్రమాదమూ. ఈ ఓడలో ముక్కూ ముఖం తెలియనివాడు కౌంటరు దగ్గరికొస్తే, వాడు ఎన్ని తాగాడు, మాట తడబడుతోందా అని కళ్ళతో కనిపెట్టి పొయ్యాలి, అది మా ఉద్యోగంలో మొదటి రూలు. పరాయివాడి మీద పెట్టే శ్రద్ధ మా అక్క మొగుడి మీద పెట్టలేకపోయాను.

పోసి, నేను చాప మీద పడి నిద్రపోయాను. పిచ్చుక ఏడుపుకి మెలకువ వచ్చింది. బావ దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముఖం అదోలా ఉంది. ఏమైంది బావా అంటే, "ఏం లేదు, నువ్వు పడుకో" అన్నాడు. నేను మళ్ళీ పడుకున్నాను. ఆ ఒక్క మాట ఇంకోసారి అడిగుంటే ఏం పోయేది? సెలవులో ఉన్నానని, నాకు నిద్ర ముఖ్యమైంది.

ఉప్పు పళ్ళెం గొడవ అంతకుముందే, అది నిజంగా నవ్వేంత చిన్నదే; అంతకుమించి నేను చూడలేదు. కానీ నువ్వు రాసింది చదివాక ఆ ముఖం పదేపదే గుర్తొస్తోంది. తప్పు చేసి బెదిరిపోయినవాడి ముఖంలాగే ఉంది అనిపిస్తోంది. బావ మంచివాడు. నేను పోసింది మంచిది కాదు. చెయ్యి ఆయనదే అయినా అందులో ఉన్నది నా సీసా అక్కా. నా గొప్ప చూపించుకోవడానికి నీ ఇంట్లో నిప్పు పెట్టి ఓడెక్కేశాను.

నీళ్ళ సీసా సంగతి చదివి సిగ్గుతో చచ్చిపోయాను. రేవులో దిగగానే కొత్తది కొన్నాను, ఎర్రది, దాని మీద చేపలున్నాయి. పార్సిలు చేశాను.

నువ్వు అడుగు. గట్టిగా అడుగు. ఎవరి మనసు నొచ్చుకుంటుందోనని చూడకు, నీకు పిచ్చుక ముఖ్యం.

తమ్ముడు


ఇంటి నుంచి,
మే 17

తమ్ముడూ,

అడిగాను. నోటితో అడగడం చేతకాక నీ ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను.

నిలబడే చదివారు. మొత్తం చదివి, ఎక్కడి మడత అక్కడే పెట్టి నాకిచ్చారు. గ్లాసు అంచు మీద ఉప్పు నాకుతానని పిల్ల మారాం చేసిందట, ఇవ్వనంటే ఏడ్చిందట, బుజ్జగిస్తూ కూర్చున్నారట. అంతేనట. ఆ మాత్రానికి వీపు మీద వేళ్ళు తేలతాయా అన్నాను.  ఆయన ఒకే మాట అన్నారు.

"నేను కొట్టలేదు. నువ్వు ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్తాను. కానీ నువ్వు అడిగావు చూడు, అది నేను తట్టుకోలేకపోతున్నాను."

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. తాగిన మనిషికి ఏం చేశాడో గుర్తుంటుందా అన్నాను. పిల్లే చెప్పింది అన్నాను. ఆయన రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని వాళ్ళ లిఫ్టు వర్కుషాపులోకి మకాం మార్చారు. అక్కడ విడిభాగాలు పెట్టుకునే గదిలో ఒక మంచం ఉందట. ఎక్కడికి వెళ్తున్నారో చెప్పి వెళ్ళారు, ఇంటి తాళంచెవి కూడా బల్ల మీద పెట్టారు. అంత పద్ధతిగా వెళ్తుంటే ఆపకుండా చూస్తూ నిలబడ్డాను.

పిచ్చుక సాయంత్రమైతే గుమ్మంలో నిలబడి వీధిలో వెళ్ళే ప్రతి స్కూటరు చప్పుడూ వింటోంది. మనది కాదు, మనది కాదు అని తనకి తనే చెప్పుకుంటోంది. శనివారం ఆయన చూడ్డానికి వచ్చారు. ఇది పరుగెత్తుకెళ్ళి చేతులు చాచింది. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. ఎత్తుకోలేదు. కింద కూర్చుని దానితో మాట్లాడి, నేను కట్ చేసిన గుడ్డముక్కలతో బొమ్మ చేసిచ్చి, ముట్టుకోకుండానే వెళ్ళిపోయారు. అది చూసి నాకు జాలి వేయలేదు, ఒళ్ళు మండింది. తప్పు చేసిన చేతులు కాబట్టే దాక్కుంటున్నాయి అనుకున్నాను.

మిగిలిన టెకీలా సింకులో పోసేశాను. ఇల్లంతా ఆ వాసనే.

నీ మీద నాకు కోపం లేదని రాద్దామనుకున్నాను. కానీ ఉందిరా. తప్పు నాది అని రాసేసి నువ్వు సముద్రం మధ్యలో కూర్చున్నావు. ఇక్కడ పొద్దున్నే లేచి పిల్లకి అబద్ధం చెప్పేది నేను. వచ్చే సెలవుకి ఇక్కడికి రాకు. నిన్ను చూస్తే నాకు ఆ మేడ గుర్తొస్తుంది.

ఎర్ర సీసా చేరింది. పిచ్చుక దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంటోంది.

అక్క


ఓడ నుంచి,
జూన్ 3

అక్కా, బావ కొట్టలేదు.

ముందు ఈ మాట చదివి, మిగతాది తర్వాత చదువు. బావ కొట్టలేదు. ఎవరూ కొట్టలేదు.

గత నెలాఖర్లో నన్ను లోపలి బారు నుంచి పై డెక్కు మీదికి మార్చారు. అక్కడ ఈత కొలను పక్కనే మా కౌంటరు, నెత్తి మీద ఎండ. మధ్యాహ్నం గుంపు కోసం నిమ్మకాయలు పిండుతూనే ఉన్నాను, నా పద్ధతిలో, చేత్తో, తొక్క నలుపుతూ. రసం మోచేతిదాకా కారింది. తుడుచుకున్నాను గానీ సబ్బుతో కడుక్కోలేదు. మర్నాటికి ముంజేయి ఎర్రబడింది. తర్వాత నీటి బొబ్బలు. ఆ తర్వాత గోధుమరంగు చారలు. దురద పెడుతుంటే గోక్కున్న చోట వేళ్ళ గుర్తులు. చూసుకుంటే, అక్కా, నువ్వు రాసిన ఉత్తరం నా చేతి మీదికి వచ్చినట్టుంది.

ఓడలో ఉండే నర్సు దగ్గరికి పరుగెత్తాను. పెద్దావిడ. చెయ్యి చూసి, "నిమ్మకాయలు పిండి ఎండలో నిలబడ్డావా?" అంది. అదీ అంతే. నిమ్మతొక్క నూనె, రసం ఒంటికంటాక దాని మీద గట్టి ఎండ పడితే చర్మం కాలుతుందట. తడిగా ఉంటే ఇంకా ఎక్కువట. అరచెయ్యి చర్మం మందం కాబట్టి పిండేవాళ్ళకి ఒక్కోసారి ఏమీ కాదు, వాళ్ళు ముట్టుకున్న మెత్తటి ఒంటి మీద మాత్రం గుర్తు పడుతుంది. మచ్చ వారాలూ నెలలూ ఉండి, దానంతటదే పోతుంది. బారులో పనిచేసేవాళ్ళకి ఇది ఎంత మామూలంటే, దీన్ని మార్గరీటా పేరుతోనే పిలుస్తారట. ఇన్నేళ్ళుగా దీపాల కింద పని చేశాను కాబట్టి నాకు తెలియలేదు. పిల్లల ఒంటి మీద వేళ్ళ అచ్చులు చూసి, ఎవరో కొట్టారని ఇళ్ళల్లో గొడవలైన సంగతులు కూడా ఆవిడ విందట.

ఇదంతా ఆవిడ చేత ఓడ డాక్టరుకి చెప్పించి, ఆయన సంతకంతో కాగితం రాయించాను. ఇందులో పెట్టాను. డాక్టరమ్మకీ బడి టీచరుకీ చూపించు. బావకి అందరికంటే ముందు చూపించు.

ఇక ఆ చెయ్యి ఎవరిదో కూడా నాకు తెలుసు. నాదే. తొక్కలు నలపమన్నది నేను, గ్లాసులకి నిమ్మచెక్క రాసింది నేను, ఫొటో కోసమని పిచ్చుకని భుజాల మీదికి ఎత్తుకున్నది నేను. నా చేతి గుర్తుకి పడ్డ నింద బావ చేత మోయించాను. పైగా ఆ ముఖం తప్పు చేసినవాడి ముఖంలా ఉందని నా చేత్తోనే నీకు రాశాను. ఏడుస్తున్న పిల్లని ఊరుకోబెడుతున్న తండ్రి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియక. ఆ ఉత్తరం వెనక్కి తీసుకునే దారి ఉంటే ఈదుకుంటూ వచ్చి తీసుకునేవాణ్ణి.

నన్ను రావద్దన్నావు. రాను. కానీ బావని మాత్రం ఈ ఉత్తరం అందిన పూటే ఇంటికి తీసుకురా.

తమ్ముడు


ఇంటి నుంచి,
జూన్ 20

తమ్ముడూ,

ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. గుమ్మంలోనే నిలబడి చదివాను, కస్టమరు ఎదురుగా ఉందన్న సంగతి కూడా మర్చిపోయి. ఆవిడ తన గౌను తనే వెతుక్కుని తీసుకెళ్ళింది.

నీ లెక్క ఒక్కటి తప్పురా. పిచ్చుకని భుజాల మీద ఎక్కించుకున్నప్పుడు నువ్వు పట్టుకున్నది దాని కాళ్ళు. ఫొటో నా దగ్గరే ఉంది. పైగా అప్పటికి దానికి నేను గౌను తొడిగేశాను. వీపు ముట్టుకునే వీలే నీకు లేదు.

పిచ్చుక మిషను పక్కన కత్తిరింపు గుడ్డల మీద బోర్లా పడుకుని నిద్రపోతోంది. ఉక్కగా ఉందని చొక్కా విప్పేశాను. పక్కన కూర్చుని ఆ గుర్తు మీద నా చెయ్యి పెట్టాను. ఎందుకు పెట్టానో చెప్పలేను. ఇన్నాళ్ళూ దాన్ని కొలిచాను, రాత్రీ పగలూ చూశాను, ఆయన చెయ్యి గ్లాసు పట్టుకుంటే చూశాను, తాళం తీస్తుంటే చూశాను. నా చెయ్యి పెట్టి చూడాలని మాత్రం ఒక్కసారి తోచలేదు.

సరిపోయింది. వేలికి వేలు సరిపోయింది. నడివేలు ఎక్కడ ఆగిందో, ఆ రోజు నువ్వు వేసిన ప్లాస్టరు మొదలైంది సరిగ్గా అక్కడే.

నిమ్మకాయలు పిండింది నేను. మధ్యలో లేచి, చేతులు కొంగుకి కూడా తుడుచుకోకుండా, నీళ్ళోడుతున్న పిల్లని గుండెకి ఆనించి ఎత్తుకుని, ఎండలో కూర్చోబెట్టింది నేను. రోజుకి ఎన్నిసార్లు ఎత్తుకుంటానో నాకే గుర్తుండదు, ఇంక ఆ ఒక్కసారి ఎలా గుర్తుంటుంది. బొటనవేలి మొదట్లో మచ్చ ఇస్త్రీపెట్టెది కాదు. మావయ్యా అని అడిగాను, నాన్నా అని అడిగాను. అమ్మా అని అడగలేదు. అడిగుంటే దానికీ ఊఁ అనేదేమో, నాలుగేళ్ళ పిల్ల.

పిల్లని లేపి, చంకనేసుకుని, వర్కుషాపుకి వెళ్ళాను. మీ బావ ఏదో చక్రానికి గ్రీజు పెడుతున్నారు. కాగితం ఇచ్చాను. నా చెయ్యి కూడా చూపించాను. కొట్టింది ఎవరూ కాదు, కాల్చింది నేను, మిమ్మల్ని అన్నదీ నేనే అని చెప్పాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. అంత పెద్ద మాట అన్నదాన్ని, ఇంత చిన్న మాటతో సరిపెట్టుకుంటే ఏం బాగుంటుంది.

ఆయన చదివి, చేతులు గుడ్డకి తుడుచుకున్నారు. ఏమడిగారో తెలుసా?

"అప్పుడు దానికి మంట పుట్టి ఉంటుందా? మనకి చెప్పలేదేమో?"

అదొక్కటే అడిగారు. నన్ను ఒక్క మాట అని ఉంటే బాగుండేది. నేను అక్కడే స్పేరు పార్టుల పెట్టెల మధ్య కూర్చుని ఏడ్చాను. పిచ్చుక కూడా నన్ను చూసి ఏడ్చింది. ఆయన ఇద్దరికీ మంచినీళ్ళిచ్చారు.

టీచరుకి కాగితం చూపించాను. చదివి, ఇంకోసారి చదివి, తన ఇంట్లో పిల్లలకి నిమ్మరసం ఇచ్చేటప్పుడు జాగ్రత్తగా ఉంటానంది. డాక్టరమ్మ దగ్గరికి కూడా వెళ్ళాను. ఆవిడ పుస్తకం తీసి చూసుకుని, తనకి అప్పుడే తట్టి ఉండాల్సిందని ఒప్పుకుంది. అందరూ తలా కాస్త తప్పు తీసుకోవడానికి సిద్ధంగానే ఉన్నారు. నువ్వైతే మొత్తం మూటగట్టుకుని పోదామనుకున్నావు. వద్దు. నువ్వు రెండో గ్లాసులో ఎక్కువ పోశావు, ఆ మాట మీ బావకి చెప్పాను. "అందుకేనా అంత కమ్మగా ఉంది" అన్నారు. ఆ రోజు తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. నీ కోటా అక్కడితో సరి. మిగతాది నాది, నా దగ్గరే ఉండనీ.

సెలవు దొరగ్గానే రా. నేను రావద్దన్నది చించి పారెయ్యి. సీసా తెస్తే తే, నిమ్మకాయలు మాత్రం వంటింట్లో పిండుకుందాం.

మీ బావ ఇంటికొచ్చేశారు. మామూలుగానే ఉన్నారు. కాజాల మిషను బాగుచేశారు. తాళంచెవి మళ్ళీ ఆయన జేబులోకి వెళ్ళింది. నేనే అనవసరంగా భయపడ్డాను అనుకున్నాను, మొదటి రోజు సాయంత్రం దాకా.

స్కూటరు చప్పుడు వినగానే పిచ్చుక "మనదే" అని అరుస్తూ పరుగెత్తి చేతులు చాచింది. ఆయన వంగారు. వంగి, చేతులు దానికి తగలకముందే ఆగి, తలెత్తి నా వైపు చూశారు. ఎత్తుకోవచ్చా అని అడుగుతున్నారు. నేను తల ఊపాను. అప్పుడు ఎత్తుకున్నారు.

అప్పట్నించీ రోజూ అంతే. అలా చూస్తున్నట్టు ఆయనకి కూడా తెలియదనుకుంటాను. మచ్చ ఇంకో నెలకి పూర్తిగా పోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆయన నా వైపు చూడటం ఎప్పటికి మానేస్తారో ఆవిడని అడగలేను కదా.

అక్క